ఇంటి వాకిట్లో మారుతి 800 ఇంజన్ దించడం ఎలా

ఏ మెకానిక్ షెడ్డుకు పోయినా “ఇంజన్ దించాల్సిందేనన్నా” అంటారు. మారుతి 800 విషయంలో అది మాట వరసకే. ఇంజన్, గేర్‌బాక్స్ రెండూ కలిసి బానెట్ జాగాలోంచి పైకి వస్తాయి. అలా వేలాడుతుండగా కింద ఉన్న బండిని వెనక్కి తోసేస్తారు. ఆ తర్వాతే దించడం. అంటే కదలాల్సింది బండి, ఇంజన్ కాదు. వేలాడే ఇంజన్‌ను ఊపి పక్కకు లాగబోయి వేళ్లు నలగ్గొట్టుకున్నవాళ్లను చూశాను కాబట్టి ఈ మాట మొదట్లోనే చెబుతున్నాను.

అనంతపురంలో మా ఇంటి ముందు ఈ పని నేను రెండుసార్లు చేశాను. మొదటిసారి పిస్టన్ రింగులు పోయి సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంటే, రెండోసారి క్లచ్ వైపు సీలు లీకై ఆయిల్ కారుతుంటే. మొదటిసారి చేసిన రెండు తప్పులు వచ్చే చోట చెబుతాను. రెండింటిలోనూ దెబ్బ తగలలేదంటే అది నా తెలివి కాదు.

మారుతి 800నే ఎంచుకోవడానికి కారణం ఉంది. 1983 డిసెంబరులో వచ్చి 2014 జనవరి వరకు తయారైన బండి. మన ఊళ్లలో ఇప్పటికీ తిరుగుతోంది. 796 సీసీ, మూడు సిలిండర్ల చిన్న ఇంజన్ బానెట్ కింద అడ్డంగా కూర్చుని ఉంటుంది. దాని చుట్టూ చెయ్యి పెట్టడానికి జాగా ఉంటుంది. విడిభాగాలు ఏ ఆటోమొబైల్ షాపులోనైనా దొరుకుతాయి. కార్బొరేటర్ మోడల్ అయితే వైర్లు తక్కువ, ఎంపీఎఫ్‌ఐ (ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే మోడల్) అయితే కొంచెం ఎక్కువ. పని వరస మాత్రం ఒకటే.

కొన్ని బండ్ల జోలికి ఇంట్లో పోకండి. స్కార్పియో, సుమో లాంటి బరువైన డీజిల్ బండ్లు, కామన్ రైల్ డీజిల్ ఇంజన్లు, హైబ్రిడ్లు షెడ్డులోనే చేయించాలి. ఎల్‌పీజీ కిట్ ఉన్న 800 అయితే ముందు కిట్ బిగించే మనిషిని పిలిపించి గ్యాస్ లైను ఖాళీ చేయించండి. వాల్వు కట్టేశాం కదా, చాలులే అనుకోవద్దు.

ముందు జాగా చూసుకోండి

మన వైపు వాకిట్లో సిమెంటు కన్నా బండలే ఎక్కువ. మా ఇంట్లో తాడిపత్రి బండలు, కడప వైపు కడప బండలు, కర్నూలు వైపు బేతంచర్ల బండలు. చూడ్డానికి గట్టిగా ఉంటాయి, పరచిన బరువు మోస్తాయి కూడా. కానీ కింద మట్టి కుంగి బోలు ఏర్పడితే, ఒకే చోట బరువు పడగానే బండ పలుగుతుంది. నా మొదటి తప్పు అదే. జాకీ స్టాండు తీసుకెళ్లి నేరుగా బండ మీద పెట్టాను. బండి బరువు దాని మీదకు రాగానే గాజు పగిలినట్టు ‘టక్’మని శబ్దం వచ్చింది. బండకు అడ్డంగా బీట. స్టాండు ఒక కాలు అర అంగుళం లోపలికి దిగింది. అప్పటికి నేను బండి కింద దూరలేదు, అంతే.

కాబట్టి పని మొదలుపెట్టేముందు వాకిట్లో బండలన్నీ సుత్తి పిడితో తట్టుకుంటూ రండి. గట్టిగా ఉన్న బండ ‘ఠంగ్’ అంటుంది, కింద బోలు ఉన్నది ‘డొల్ల’గా పలుకుతుంది. డొల్లగా పలికిన చోట స్టాండు పెట్టకండి. మిగతా చోట్ల కూడా స్టాండు కింద మందపాటి ప్లైవుడ్ ముక్కో, అడుగు వెడల్పు చెక్క పలకో వేయండి. బరువు పరుచుకుంటుంది. నేల మట్టంగా ఉండాలి. వాన నీళ్లు పోవడానికి వాకిలికి వాలు పెడతారు కదా, ఆ వాలులో బండి నిలపకండి. బండిని వెనక్కి తోయడానికి దాని వెనుక పదడుగులన్నా ఖాళీ ఉండాలి.

ఎండాకాలం అయితే తెల్లవారుజామున మొదలుపెట్టి పది గంటలకల్లా ఆపేయండి. ఇనుము కాలి చేతికి అంటుకుంటుంది, మనిషికి తల తిరుగుతుంది. ఆషాఢంలో ఇంకో బాధ. గాలికి వీధిలో దుమ్మంతా తెరిచిన గేర్‌బాక్స్‌లో పడుతుంది. ఆ నెలలో తప్పదంటే గాలి వచ్చే వైపు టార్పాలిన్ కట్టుకోండి.

దేనికి వేలాడదీయాలి

ఈ ప్రశ్నకు నలుగురిని అడిగితే నాలుగు జవాబులు వస్తాయి. మూడు తప్పులే. వాకిట్లో వేపచెట్టు ఉంది కదా అంటారు. పైకి పచ్చగా కనబడే కొమ్మ లోపల పురుగు తిని ఉందో లేదో మీకు తెలియదు. పోర్టికో స్లాబుకు కొక్కెం ఉంది కదా అంటారు. అది ఫ్యాను కోసం వేసింది. “ముగ్గురం పట్టి లేపేద్దాం, నీ కండలు చూడు” అని స్నేహితులు మునగచెట్టు ఎక్కిస్తారు. ఇంజన్, గేర్‌బాక్స్ కలిపితే ఒక మనిషి బరువు దాటిపోతుంది, నూనెతో జారుతుంది, పట్టుకోవడానికి పిడి ఉండదు. వంగి ఎత్తిన నడుము ఆ తర్వాత ఏళ్లకేళ్లు గుర్తు చేస్తుంది.

సరైన జవాబు మన జిల్లాలో ఊరూరా ఉంది. బోరు మోటారు పైకి లాగేవాళ్ల దగ్గర ఉండే మూడు కాళ్ల స్టాండు, చైన్ పుల్లీ. మోటారుతో పాటు వందల అడుగుల పైపును లాగే సామాను అది, మన ఇంజన్ దానికి ఒక లెక్క కాదు. బాడుగకు తెచ్చుకోండి. టన్ను చైన్ పుల్లీ చాలు. తెచ్చుకునేటప్పుడు మూడు చూడండి: గొలుసు లింకులు ఎక్కడా సాగి, అరిగి ఉండకూడదు, కొక్కేనికి తాళం నాలుక ఉండాలి, గొలుసు లాగి వదిలితే బరువు ఉన్నచోటే ఆగాలి, జారకూడదు. ఇది ఇంటికి తెచ్చాక కాదు, అక్కడే ఒక సిమెంటు బస్తా కట్టి లేపి చూసుకోండి. హైడ్రాలిక్ ఇంజన్ క్రేన్ బాడుగకు దొరికితే ఇంకా మేలు, కానీ దాని చిన్న చక్రాలు బండల సందుల్లో ఇరుక్కుంటాయి.

ఎత్తు లెక్క వేసుకోండి. బండి ముందు భాగం దాదాపు మూడడుగులు. దాని పైకి ఇంజన్ అడుగుభాగం రావాలి. ఇంజన్ ఎత్తు రెండడుగులనుకోండి. కట్టిన గొలుసు ఒక అడుగు, దగ్గరకు లాగిన చైన్ పుల్లీ ఇంకో అడుగున్నర. ఏడున్నర అయింది. కొసరు కలిపితే కొక్కెం తగిలించే చోటు తొమ్మిదడుగుల పైన ఉండాలి. స్టాండు కాళ్లు రెండు బండికి చెరో పక్క, మూడోది బండి ముందు, దూరంగా. నున్నటి బండ మీద ఇనుప కాళ్లు జారతాయి కాబట్టి మూడు కాళ్ల అడుగులను చుట్టూ గొలుసుతో కట్టేయండి. ఇది మరిచిపోతే మిగతా జాగ్రత్తలన్నీ బూడిదలో పోసిన పన్నీరే.

సామాను

8 నుంచి 19 వరకు రింగు పానాలు, డబుల్ ఎండ్ పానాలు, ఒక బాక్సు సెట్టు, కటింగ్ ప్లయర్, పెద్ద స్క్రూడ్రైవర్, రెండడుగుల లీవర్ రాడ్డు, సుత్తి. 10, 12, 14, 17 పానాలతోనే ఎక్కువ పని జరుగుతుంది. ఆ నాలుగు మాత్రం మంచివి కొనండి. చవక పానా నట్టు మూలలు తినేస్తుంది. ఒక జాకీ, రెండు జాకీ స్టాండ్లు, చక్రాలకు అడ్డం పెట్టే చెక్క ముక్కలు నాలుగు. డ్రెయిన్ చేయడానికి రెండు వెడల్పు తొట్లు. మంట ఆర్పే ఏబీసీ పౌడరు సిలిండరు ఒకటి. అది లేకపోతే పెట్రోలు లైను ముట్టుకోకండి. పెట్రోలు మంట మీద నీళ్లు పోస్తే మంట నీళ్లతో పాటు పారుతుంది.

ఇంకొకటి ఉంది, ఏ పానాల కన్నా ముఖ్యమైనది. పాత పెళ్లిపత్రికలు. అట్టలా మందంగా ఉంటాయి, ప్రతి ఇంట్లోనూ గుట్ట ఉంటుంది. ఒక పత్రిక వెనుక ‘రేడియేటర్’, ఇంకోదాని వెనుక ‘స్టార్టర్’, మరోదాని వెనుక ‘గేర్‌బాక్స్ బెల్’ (గేర్‌బాక్స్ ఇంజన్‌కు ఆనుకునే గంట ఆకారపు భాగం) అని రాయండి. బోల్టులు ఏ వరసలో ఉన్నాయో అలాగే బొమ్మ గీసి, చిల్లు పొడిచి, తీసిన బోల్టును ఆ చిల్లులో గుచ్చేయండి. గేర్‌బాక్స్ బోల్టుల్లో పొడుగువీ పొట్టివీ కలిసి ఉంటాయి. పొట్టిది ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే అల్యూమినియం పగులుతుంది. గిన్నెలో అన్నీ కలిపి వేసినవాడు తిరిగి బిగించేటప్పుడు ఏడుస్తాడు.

మొదటి రోజు: విప్పడం

బండిని జాగాలో పెట్టి వెనక చక్రాలకు రెండు వైపులా అడ్డలు వేసి, హ్యాండ్ బ్రేకు లాగండి. ఇంజన్ పూర్తిగా చల్లారాలి, రాత్రి ఆపి ఉంచిన బండి అయితే నిశ్చింత. వేడి రేడియేటర్ మూత తెరిస్తే మరిగే నీళ్లు ముఖానికి కొడతాయి.

ఎంపీఎఫ్‌ఐ అయితే బ్యాటరీ తీయకముందే ఒక పని ఉంది. పెట్రోలు పైపులో దాదాపు మూడు బార్ల ఒత్తిడి నిలిచి ఉంటుంది. ఫ్యూయల్ పంపు ఫ్యూజు పీకేసి ఇంజన్ స్టార్ట్ చేయండి. పైపులో ఉన్న కాస్తా తాగి ఆగిపోతుంది. ఇంకో రెండుసార్లు సెల్ఫ్ కొట్టండి. కార్బొరేటర్ బండికి ఈ తతంగం అక్కర్లేదు.

ఇప్పుడు బ్యాటరీ. మైనస్ ముందు. ప్లస్ ముందు విప్పబోయి పానా బాడీకి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. మైనస్ ఊడాక ఆ భయం లేదు. బ్యాటరీని బయటకు తీసి దూరంగా పెట్టండి.

బానెట్ కీలు బోల్టుల చుట్టూ మార్కర్‌తో గీత గీసి, ఇద్దరు పట్టుకుని తీయండి. గీత లేకపోతే తిరిగి బిగించినప్పుడు సందులు సమానంగా రావు, వారం రోజులు బానెట్‌తో కుస్తీ పడాలి.

తర్వాత ద్రవాలు. రేడియేటర్ నీళ్లు ఒక తొట్టిలో, ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్ ఇంకో తొట్టిలో. గేర్ ఆయిల్ తీయకుండా డ్రైవ్ షాఫ్టులు లాగితే అదంతా మీ మోచేతి మీదుగా చొక్కాలోకి వస్తుంది. గేర్ ఆయిల్ ప్లగ్గు విప్పేముందు పైన నింపే ప్లగ్గు ఊడుతుందో లేదో చూసుకోండి. ఖాళీ చేశాక నింపే దారి లేదంటే టెన్షన్. కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకుతాయి, అది విషం. తొట్టి మూతేసి పెట్టండి. పాత ఆయిల్ కాలువలో, చెట్టు మొదట్లో పోయకండి. షెడ్డులో డ్రమ్ములో పోసుకుంటారు. ఆయిల్ కారుతూ ఉంటుంది కాబట్టి ఈలోగా చేతులు కడుక్కుని ఉగ్గాని, బజ్జీ తిని రావచ్చు. సాయానికి వచ్చినవాడికి కూడా పెట్టించండి, రేపు మళ్లీ కావాలి.

తిరిగొచ్చాక ఎయిర్ ఫిల్టర్ డబ్బా, రేడియేటర్, దాని ఫ్యాను తీసేయండి. రేడియేటర్ ఉన్నచోటే ఉంచి జాగ్రత్తగా లేపేద్దాం అనిపిస్తుంది. వద్దు. గేర్‌బాక్స్ ఒక్కసారి తగిలితే రేడియేటర్ రెక్కలు పోతాయి, పైగా మీకు కావాల్సిన జాగా అదే.

ఏసీ ఉన్న బండి అయితే ఏసీ గొట్టాలు విప్పకండి. లోపల గ్యాస్ ఒత్తిడిలో ఉంటుంది. ఆర్-134ఏ గ్యాస్ మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, చర్మం మీద పడితే అక్కడికక్కడ గడ్డకడుతుంది, కంట్లో పడితే చూపు పోవచ్చు. కంప్రెసర్ బోల్టులు విప్పి, గొట్టాలతో సహా పక్కకు జరిపి బాడీకి కట్టేయండి. గొట్టం అందకపోతే ఏసీ మెకానిక్‌తో గ్యాస్ తీయించాకే ముందుకు పోవాలి.

వైర్లు, గొట్టాలు, కేబుళ్లు. ఇక్కడ తొందర పనికిరాదు. ప్రతి జాయింటుకు రెండు వైపులా కాగితపు టేపు చుట్టి ఒకే అంకె రాయండి: ఇటు 7, అటు 7. తీసే ముందు ఫోన్‌లో ఫోటో, తీశాక ఇంకోటి. ఫోటోలు ఉన్నాయి కదా అని అంకెలు మానకండి. ఫోటోలో అన్ని నల్ల వైర్లూ ఒకలాగే ఉంటాయి. యాక్సిలరేటర్ కేబుల్, క్లచ్ కేబుల్, గేర్‌బాక్స్ నుంచి వెళ్లే మీటర్ కేబుల్, రివర్స్ లైటు స్విచ్చు, స్టార్టర్ వైర్లు, ఆల్టర్నేటర్ వైర్లు, టెంపరేచర్, ఆయిల్ స్విచ్చులు, హీటర్ గొట్టాలు, వాక్యూమ్ గొట్టాలు. ప్లగ్గు వైర్లకు 1, 2, 3 అని రాయండి. ఈ ఇంజన్‌లో సిలిండర్లు మండే వరస 1-3-2, వైర్లు తారుమారైతే స్టార్ట్ కాకుండా పేలుతుంది.

పెట్రోలు గొట్టం చివర్న. అప్పుడు చుట్టుపక్కల బీడీ, సిగరెట్, గ్యాస్ పొయ్యి, పూజ గదిలో దీపం, ఏదీ వెలిగి ఉండకూడదు. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, నేల మీద పాకుతూ గడప దాటి ఇంట్లోకి పోగలదు. గొట్టం చుట్టూ గుడ్డ చుట్టి నెమ్మదిగా లాగండి, కారింది సీసాలో పట్టి మూతేయండి, రెండు చివరలకూ బోల్టు దూర్చి బిగించండి.

ఇప్పుడు బండి కిందికి. ముందు చక్రాల నట్లు బండి నేల మీద ఉండగానే కాస్త వదులు చేసి, తర్వాత జాకీతో లేపి, బాడీ కింద గట్టి మెంబరు (బరువు మోసే ఇనుప దూలం) దగ్గర రెండు స్టాండ్లు పెట్టండి. జాకీ లేపడానికే, మోయడానికి కాదు. ఇటుకలు, హాలో బ్లాకులు, కంకర రాళ్లు స్టాండ్లు కావు. స్టాండ్ల మీద దిగాక బండిని చేత్తో గట్టిగా ఊపి చూడండి. ఇప్పుడు కదిలితే మంచిదే, మీరు ఇంకా బయటే ఉన్నారు. తీసిన చక్రాలను బాడీ కింద పడుకోబెట్టండి. స్టాండు జారినా బండి చక్రం మీద ఆగుతుంది.

సైలెన్సర్ పైపును మానిఫోల్డుకు (ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే గొట్టాలకు) పట్టే నట్లు తుప్పుతో రాయిలా అయి ఉంటాయి. ముందు రాత్రే డబ్ల్యూడీ-40 (తుప్పు వదిలించే స్ప్రే) కొట్టి వదిలేయండి. అప్పటికీ రాకపోతే బలం చూపకండి. కొంచెం బిగించి, కొంచెం వదులు చేసి, మళ్లీ నూనె కొట్టి ఆడించండి. స్టడ్డు విరిగిందంటే లేత్ పని. గేరు రాడ్లు రెండు గేర్‌బాక్స్ దగ్గర విప్పండి, అవి పట్టే చోట గీత గీయండి.

డ్రైవ్ షాఫ్టులకు కొంచెం చాకచక్యం కావాలి. ముందు చక్రం హబ్బు (చక్రం బిగించే మధ్య భాగం) నట్టు విప్పకండి. కింది ఆర్మ్ బాల్ జాయింటును పట్టే బోల్టు తీసి, ఆర్మ్‌ను రాడ్డుతో కిందికి నొక్కితే హబ్బు బయటికి వాలుతుంది. ఆ దారిలో షాఫ్టు లోపలి చివర గేర్‌బాక్స్ నుంచి బయటకు రావాలి. లోపల ఒక చిన్న స్ప్రింగు రింగు పట్టుకుని ఉంటుంది. లీవర్‌ను గేర్‌బాక్స్‌కూ జాయింటుకూ మధ్య పెట్టి ఒక్క కుదుపు ఇస్తే ‘క్లిక్’మని వదులుతుంది. షాఫ్టును చేత్తో పట్టి లాగకండి, మధ్యలో జాయింటు విడిపోయి బంతులు రాలతాయి. బయటకు వచ్చిన చివరను గుడ్డ చుట్టి బాడీకి తీగతో కట్టండి. గేర్‌బాక్స్ చిల్లులో శుభ్రమైన గుడ్డ కుక్కండి.

షాఫ్టు మొత్తం హబ్బు నుంచి తీసేసి బండిని తోయకండి. బేరింగును బిగించి ఉంచేది షాఫ్టు నట్టే. అందుకే దాన్ని హబ్బులోనే ఉంచి, బాల్ జాయింటు తిరిగి బిగించి, చక్రాలు తొడిగి, బండిని నేల మీదకు దించండి. రేపు బండిని తోయాలి కదా.

ఇవాళ్టికి ఇక్కడితో ఆపేయండి. అలసిపోయి ‘ఒక్క మౌంటింగే కదా’ అనుకున్నప్పుడే చేతులు తప్పు చేస్తాయి.

రెండో రోజు: ఎత్తడం

పొద్దున్నే, టీ తాగేశాక, ఇద్దరు మనుషులతో. ఒకరు గొలుసు దగ్గర, ఒకరు ఇంజన్ దగ్గర. గొలుసు దగ్గర ఉన్నవాడు ఒక్కరి మాటే వినాలి. పక్కింటి మామ, ఎదురింటి అన్న ఎవరేం అరిచినా సరే. పిల్లలు, కోళ్లు, కుక్క లోపల.

ఇంజన్ తలకు ఎత్తే కొక్కేలు ఉంటే వాటికే గొలుసు కట్టండి. పాత ఇంజన్లలో ఎవరో ఒకరు వాటిని తీసి పారేసి ఉంటారు. అప్పుడు తల మీద ఎదురెదురుగా రెండు గట్టి బోల్టు చిల్లులు చూసి, 8.8 అని గట్టితనం గుర్తున్న బోల్టులను పూర్తిగా లోపలికి బిగించి గొలుసు పట్టండి. సగం మరలు బిగిస్తే ఊడి వస్తాయి. ఇన్‌టేక్ మానిఫోల్డుకు, ఆల్టర్నేటర్ బ్రాకెట్టుకు కట్టకండి. బట్టలారేసే నైలాన్ తాడు, కొబ్బరి తాడు, బోరుకు వాడి పారేసిన తాడు ఏవీ వద్దు. గొలుసు రెండు కాళ్లు మరీ వెడల్పుగా విచ్చుకోకూడదు. రెండింటి మధ్య కోణం 120 డిగ్రీలైతే ఒక్కో కాలు మీద ఇంజన్ బరువు మొత్తం పడుతుంది. గొలుసు పొడుగ్గా, కోణం ఇరుకుగా ఉంచండి.

గొలుసు బిగుతు అయ్యేదాకా లాగండి. ఇంజన్ లేవకూడదు, మౌంటింగుల (ఇంజన్‌ను బాడీకి పట్టి ఉంచే దిమ్మల) మీద బరువు మాత్రం తగ్గాలి. అప్పుడు మౌంటింగు బోల్టులు విప్పండి. మా బండికి మూడు. బోల్టు వేళ్లతో తిరిగితే బరువు సరిగ్గా గొలుసు మీద ఉన్నట్టు. పానాతో పీకాల్సి వస్తుంటే గొలుసు ఒక లింకు అటో ఇటో సర్దండి.

ఇప్పుడు రెండు అంగుళాలు లేపి ఆగండి. టార్చి వేసి ఇంజన్ చుట్టూ, కింద, వెనుక ఒక ప్రదక్షిణ చేయండి. నా రెండో తప్పు ఈ ప్రదక్షిణ చేయకపోవడం. గేర్‌బాక్స్ నుంచి బాడీకి వెళ్లే అల్లిక ఎర్త్ పట్టీ ఒకటి కింద నూనె మట్టిలో కప్పబడి కనబడలేదు. మేం గొలుసు లాగుతూనే ఉన్నాం. చైన్ పుల్లీతో చిక్కు ఏమిటంటే చేతికి బరువు తెలియదు. ఇంజన్‌కు ఎంత బలమో బండిని లేపడానికీ అంతే బలంలా అనిపిస్తుంది. నాతో ఉన్న బామ్మర్ది ఉన్నట్టుండి “బావా, బండి కూడా లేస్తోంది!” అన్నాడు. చూస్తే ముందు స్ప్రింగులు సాగి టైర్ల మీద బరువు తగ్గి ఉంది. ఆ పట్టీ అప్పుడు తెగి ఉంటే ఇంజన్ ఎగిరి స్టాండు కాలికి కొట్టేది. నెమ్మదిగా దించి, పట్టీ విప్పి, మళ్లీ మొదలుపెట్టాం. ఆ రోజు నుంచి ముందు టైరు పక్కన నేల నుంచి బాడీ అంచు ఎత్తును టేపుతో కొలిచి అట్ట మీద రాస్తాను. ఇంజన్ బరువు తగ్గే కొద్దీ అది కాస్త పెరుగుతుంది, సహజమే. ఇంజన్ ఉన్నచోటే ఉండి ఆ కొలత ఒక్కటే పెరుగుతూ పోతుంటే ఏదో ఇంకా పట్టుకుని ఉన్నట్టు.

ఏదీ పట్టుకోలేదని తేలాక అంగుళం అంగుళం లేపండి. గేర్‌బాక్స్ వైపు కొంచెం కిందికి వాలేలా కట్టుకుంటే తేలిగ్గా బయటపడుతుంది. ఇంజన్ దగ్గర ఉన్నవాడు పక్క నుంచి అరచేతులతో మాత్రమే దారి చూపాలి. ఇంజన్‌కూ బాడీకీ మధ్య వేళ్లు పెట్టకూడదు. తగులుకున్న చోట వేలితో కాదు, కర్రతో తప్పించండి. దాని కింద తల, చెయ్యి, కాలు ఏదీ పోకూడదు. కింద పడిన పానా కూడా అక్కడే ఉండనివ్వండి.

అడుగుభాగం ముందు ప్యానెల్ కన్నా నాలుగు వేళ్లు పైకి రాగానే గొలుసు ఆపి, హ్యాండ్ బ్రేకు దించి, చక్రాల అడ్డలు తీసి, ఇద్దరూ కలిసి బండిని మెల్లగా వెనక్కి తోయండి. స్టాండు కాళ్లకు బండి తగలకుండా చూసుకోండి. బండి దూరమయ్యాక మళ్లీ అడ్డలు వేసి, వెంటనే ఇంజన్‌ను కిందికి దించండి. ఫోటో దిగడానికి వేలాడదీసి ఉంచకండి. కింద పాత టైరు పడుకోబెట్టి దాని మీద చెక్క పలక వేసి దించితే ఆయిల్ పాన్ నలగదు, పక్కకు దొర్లదు. రెండు పక్కలా చెక్కలు దూర్చాకే కొక్కెం తీయండి.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ 2019 నుంచి కార్లు తయారు చేస్తోంది. ఇప్పటి కార్ల ఫ్యాక్టరీల్లో ఇంజన్, గేర్‌బాక్స్ కింద నుంచి వచ్చి బాడీలో కూర్చుంటాయి. అందుకే కొత్త బండ్లలో చాలావాటికి ఇంజన్ నిజంగానే దించాలి, దానికి లిఫ్టు కావాలి. మీ మేనల్లుడు కొత్త కారు తెచ్చి “మామా, దీన్నీ లేపేద్దామా” అంటే ఒప్పుకోకండి.

గేర్‌బాక్స్ విడదీయడం

స్టార్టర్ మోటారు తీసి, బెల్ చుట్టూ బోల్టులు విప్పండి. చివరి బోల్టు విప్పే ముందు గేర్‌బాక్స్ కింద ఎత్తు సరిగ్గా చెక్కలు పేర్చండి. విడిపోయేటప్పుడు గేర్‌బాక్స్ బరువు దాని ఇన్‌పుట్ షాఫ్టు మీద వేలాడితే క్లచ్ ప్లేటు నడుము వంగిపోతుంది. తర్వాత క్లచ్ వదలకపోతే ఎందుకో తెలియక తల బాదుకోవాలి. రెండు డోవెల్ పిన్నులు (ఇంజన్‌నూ గేర్‌బాక్స్‌నూ సరిగ్గా ఎదురెదురు నిలిపే ఇనుప మేకులు) గట్టిగా పట్టి ఉంటాయి. సందులో సన్నని లీవర్ పెట్టి ఇటు కొంచెం, అటు కొంచెం ఆడిస్తూ తిన్నగా వెనక్కి లాగండి. అడ్డంగా తిప్పొద్దు. క్లచ్ ప్లేటు దుమ్మును గాలితో ఊదకండి. పాత ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డను కవర్లో కట్టి పడేయండి.

ఇదే ఇంజన్‌ను బాగు చేసి తిరిగి పెట్టేవాళ్లకు కాగితాల పని లేదు. పాతది మార్చి వేరే ఇంజన్ వేసేవాళ్లు మాత్రం కొనకముందే రవాణా కార్యాలయానికి వెళ్లండి. ఆర్‌సీలో ఇంజన్ నంబరు ఉంటుంది, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద అనుమతి, నమోదు అవసరం. మీకు ఆ వేరే ఇంజన్ అమ్మినవాళ్ల దగ్గర దాని కాగితాలు కూడా అడిగి తీసుకోండి.

ఖాళీ అయిన బండి ముందు తేలిక, వెనుక బరువు. స్టాండ్ల మీద మళ్లీ లేపాల్సి వస్తే తూకం మారిందని గుర్తుంచుకోండి, ఎవరూ వెనక సీట్లో కూర్చోకూడదు. బానెట్ జాగాను టార్పాలిన్‌తో కప్పండి. రాత్రికి ఎలుకలు దూరి మీరు అంకెలు రాసిన టేపుల్నే ముందు కొరుకుతాయి. గేర్‌బాక్స్ చిల్లుల్లో, ఇన్‌టేక్ నోట్లో, ఆయిల్ ఫిల్టర్ దగ్గర గుడ్డలు కుక్కి ఉంటారు కదా. ఎక్కడెక్కడ ఎన్ని కుక్కారో ఒక పెళ్లిపత్రిక వెనుక రాసి స్టీరింగుకు కట్టేయండి. మావి ఐదు.